రెండు జంటలు, ఒక ట్రైలర్ బండి

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసకుణ్ణి కాను. 1973లో తాలూకా కార్యాలయంలో ఎల్.డి.సి.గా చేరి, 1985లో మండలాలు వచ్చాక మండల కార్యాలయానికి మారి, 2008లో సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. 35 ఏళ్లూ ఎవరో మాట్లాడితే నేను మినిట్స్ రాసుకోవడమే కాని, నేను మాట్లాడితే రాసుకున్నవారు లేరు. కార్యదర్శి గారు మాత్రం "మీరు ఆస్ట్రేలియా వెళ్లివచ్చారు కదా, ఆ విశేషాలు చెప్పవలసిందే" అని పట్టుబట్టారు.

విమానంలో ఏం పెట్టారు, అక్కడ ఉల్లిపాయల ధర ఎంత అన్న సంగతులు చెప్పి మీ కాలం వృథా చేయను. కారు వెనక ఒక ట్రైలర్ తగిలించుకుని, రాత్రిళ్లు గుడారంలో పడుకుంటూ, రెండు జంటలం కలిసి సుమారు 2,700 కిలోమీటర్లు రోడ్డు మీద ప్రయాణం చేసిన సంగతి ఒక్కటే చెబుతాను. అందులో మన సంఘానికి పనికివచ్చే విషయం ఒకటుంది. అది చివర మనవి చేస్తాను.

మా శ్రీమతి తమ్ముడు, అంటే మా బావమరిది, గనుల ఇంజనీరుగా పశ్చిమ ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో స్థిరపడ్డాడు. 2022లో ఉద్యోగం చాలించాడు. అతని భార్య, నాకు చెల్లెలి వరస, అక్కడే ఒక పాఠశాలలో గుమాస్తాగా పనిచేసి ఆ ఏడాదే విరమించుకున్నది. ఆ దేశంలో రిటైరయిన దంపతులు చాలామంది బండి వెనక ట్రైలర్ కట్టుకుని నెలల తరబడి దేశం చుట్టి వస్తారు. వాళ్లను అక్కడ 'గ్రే నోమాడ్స్' అంటారు, అంటే నెరసిన జుట్టు సంచారులన్నమాట. ఆస్ట్రేలియా చుట్టూ తిరిగే ఒకటో నంబరు హైవే పొడవు సుమారు 14,500 కిలోమీటర్లు. దాన్ని చుట్టి రావాలని మా బావమరిది దంపతులు నిశ్చయించుకున్నారు. "అక్కా, మొదటి విడత పెర్త్ నుంచి అడిలైడ్ దాకా. మీరిద్దరూ మాతో రండి. అక్కడ విమానం ఎక్కిస్తాం" అని అతను ఫోను చేశాడు. మా ఇంటావిడ నన్ను అడగకుండానే సరే అంది. మా పెళ్లయ్యాక ఆవిడ అలా ఒప్పుకోవడం అదే ప్రథమం.

2023 ఆగస్టు నెలాఖరున బయలుదేరాం. ట్రైలర్ గురించి ముందు చెప్పాలి. మూసి ఉన్నప్పుడు అదొక పెద్ద పెట్టె. ఆగినచోట కప్పు పైకి లేపి, రెండు చివరలా మంచాలు బయటకు లాగి, చుట్టూ క్యాన్వాసు బిగిస్తే రెండు జంటలకు పడక. మధ్యలో గ్యాసు పొయ్యి, చిన్న ఫ్రిజ్, నీళ్ల టాంకు. మొత్తం ఒకటిన్నర టన్నుల బరువు. ఆ బరువులో దాదాపు పదోవంతు కారు వెనక ఉండే ఇనుప గుండు మీద పడాలట. బరువంతా ట్రైలర్ వెనక భాగంలో సర్దితే గుండు మీద భారం తగ్గి, వేగంలో ట్రైలర్ పాము తోకలా ఊగుతుంది. అలా ఊగినప్పుడు భయపడి కారు బ్రేకు గట్టిగా తొక్కకూడదు. యాక్సిలరేటరు మెల్లగా వదిలి, ట్రైలరుకు విడిగా ఉన్న బ్రేకును చేత్తో వేయాలి. ఇవన్నీ నాకు బావమరిది చెప్పలేదు, చెల్లెలు చెప్పింది. ఆ సంగతి గుర్తుంచుకోండి.

వాళ్లిద్దరి మధ్య ఒక నియమం ఉంది. ఈ రోజు ఒకరు బండి నడిపితే రెండవవారు వంట, లెక్కలు, దారి చూడటం. మర్నాడు పనులు మార్చుకోవాలి. ట్రైలర్ తగిలించడం, విప్పడం, వెనక్కి నడపడం ఇద్దరికీ రావాలి. వెనక్కి నడపడమే కష్టం. ట్రైలర్ కుడికి వెళ్లాలంటే స్టీరింగు ఎడమకు తిప్పాలి. స్టీరింగు అడుగు భాగాన చెయ్యి వేసి, ట్రైలర్ ఎటు వెళ్లాలో చెయ్యి అటు జరిపితే సరిపోతుందని చెల్లెలు ఒక చిట్కా చెప్పింది. సెలవు రోజుల్లో ఖాళీ మైదానంలో ప్లాస్టిక్ డబ్బాలు వరుసగా పెట్టి, రెండు నెలలు సాధన చేసిందట.

ఇంకొకటి, వాళ్ల దగ్గర అట్ట వేసిన నోటు పుస్తకం ఉంది. బయలుదేరే ముందు చూడవలసినవి అందులో వరుసగా రాసి ఉన్నాయి. కొక్కెం బిగిసిందా, గొలుసులు వేశారా, దీపాల తీగ గుచ్చారా, ముందు చిన్న చక్రం ఎత్తారా, గ్యాసు కట్టారా, మెట్టు మడిచారా, చేతి బ్రేకు తీశారా. ఒకరు చదవాలి, ఇంకొకరు చేత్తో తాకి చూసి జవాబు చెప్పాలి. చదివే ఉద్యోగం నాకిచ్చారు. మన ఆఫీసుల్లో చెక్ మెమో చూసిన కళ్లు కదా, నాకు ప్రాణం లేచివచ్చింది. దీపాలు చూసే పని మా శ్రీమతిది. ట్రైలర్ వెనక నిలబడి "ఎడమది వెలిగింది, కుడిది వెలిగింది, బ్రేకుది వెలిగింది" అని ఆవిడ కేకవేస్తేనే బండి కదిలేది.

మూడో రోజుకు నార్స్‌మన్ అనే ఊరు చేరాం. అక్కడి నుంచి తూర్పుగా సెడూనా దాకా సుమారు 1,200 కిలోమీటర్లు. మధ్యలో మనం ఊరు అనదగినది లేదు. 70, 100, ఒక్కోచోట 190 కిలోమీటర్లకు ఒక పెట్రోలు బంకు, దాని పక్కన హోటలు, బళ్లు ఆపుకునే స్థలం. వాటిని రోడ్‌హౌస్‌లు అంటారు. ఆ నేల పేరు నల్లార్బర్, లాటిన్ భాషలో చెట్టు లేనిది అని అర్థం. తెల్లవాళ్లు రాకముందు వేల ఏళ్లుగా అక్కడ ఆదివాసులున్నారు. సముద్రపు ఒడ్డు ప్రాంతం మిర్నింగ్ తెగవారిది. 1841లో ఎడ్వర్డ్ జాన్ ఐర్ అనే ఇంగ్లీషు మనిషి ఈ తీరం వెంట పడమరకు నడిచి ప్రాణాలతో బయటపడ్డాడంటే, తోడుగా చివరిదాకా నిలిచిన వైలీ అనే ఆదివాసి యువకుడి పుణ్యమే. రోడ్డుకు మాత్రం ఐర్ పేరే పెట్టారు. ఆ రోడ్డు పూర్తిగా తారు రోడ్డయింది 1976లో.

బలడోనియా రోడ్‌హౌస్‌లో మన తెలుగువాళ్లకు సంబంధించిన వస్తువొకటి చూశాను. 1979 జూలైలో స్కైలాబ్ పడుతుందని మన పల్లెల్లో ఎంత అల్లకల్లోలమయిందో మీకందరికీ జ్ఞాపకమే. ఇక రేపు ఉండమని కోళ్లనూ మేకలనూ కోసుకుతిన్న వాళ్ల కథలు విన్నవారే. ఆ స్కైలాబ్ ముక్కలు పడింది ఈ ప్రాంతంలోనే. అక్కడ చిన్న మ్యూజియంలో ఆ వివరాలు పెట్టారు. "మా ఊళ్లో దీనికోసమేనా అంత ఏడ్చింది!" అని మా శ్రీమతి నవ్వి, పక్కన నిలబడి ఫోటో తీయించుకుంది.

బలడోనియా దాటాక 146.6 కిలోమీటర్ల రోడ్డు ఒక్క వంపు లేకుండా సాగుతుంది. దాదాపు విజయవాడ నుంచి రాజమండ్రి దాకా స్టీరింగు తిప్పే పని లేదనుకోండి. ఎదురుగా రెండేసి ట్రైలర్లు లాగే పెద్ద లారీలు వస్తాయి. అది దాటిపోయేటప్పుడు గాలి మన బండిని ఒక తోపు తోస్తుంది. అక్కడక్కడ రోడ్డు మీదే అడ్డంగా తెల్లని పట్టీలు గీసి ఉన్నాయి. ఆ జాగాల్లో అవసరమైతే ఫ్లయింగ్ డాక్టర్ల విమానం దిగుతుందట. 1928లో మొదలైన సేవ అది. సాయంత్రమయ్యేసరికి బండి ఆపేసేవాళ్లం. చీకటిపడే వేళ, తెల్లవారకముందూ కంగారూలు రోడ్డు మీదకు దూకుతాయి.

నీళ్లకు కరువు. మోసుకెళ్లిన నీళ్లతోనే వంట, గిన్నెలు, ముఖాలు. "మా అమ్మ నూతి నుంచి తోడుకొచ్చిన రోజులు మళ్లీ వచ్చాయి" అంటూనే మా శ్రీమతి ఒక గ్లాసు నీళ్లతో నాలుగు పళ్లేలు కడిగి చూపించింది. రాత్రి చలి విపరీతం. కాని క్యాన్వాసు కిటికీ పైకి చుట్టి చూస్తే, ఒక్క దీపం లేని ఆ నేల మీద ఆకాశమంతా నక్షత్రాలే. ఆవిడ దుప్పటి కప్పుకుని చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయేది. సర్వీసులో ఉండగా నేను తీసుకువెళ్లిన ఊళ్లన్నీ దేవుళ్ల ఊళ్లే. దర్శనం క్యూలోనే పొద్దు గడిచేది. ఏ పనీ లేకుండా కూర్చుని పైకి చూడటం ఆవిడకిదే మొదలు.

యూక్లా అనేచోట రెండు రాత్రులున్నాం. అక్కడ గడియారమే వేరు. పశ్చిమ రాష్ట్రం టైముకు 45 నిమిషాలు ముందు, దక్షిణ రాష్ట్రానికి 45 నిమిషాలు వెనక. మధ్యేమార్గమన్నమాట. బి.పి. మాత్రలు వేసుకునే వేళ లెక్క కట్టలేక, చివరకు సూర్యుణ్ణి చూసి వేసుకున్నాం.

యూక్లాలో ఇసుకలో కూరుకుపోతున్న పాత తంతి కార్యాలయం గోడలు చూశాను. 1877లో ప్రారంభమైంది. అప్పట్లో పశ్చిమ, దక్షిణ ఆస్ట్రేలియాలు వేరు వేరు పాలనలు. ఒకవైపు గుమాస్తాలు ఒక మోర్స్ లిపిలో, రెండోవైపు వాళ్లు ఇంకొక మోర్స్ లిపిలో పనిచేసేవారట. అందుకని ఇటువైపు తంతిని కాగితం మీద రాసి, అటువైపు గుమాస్తాకు చేతికిస్తే, అతను తన లిపిలో మళ్లీ కొట్టేవాడు. ఒకే గది, ఒకే పని, కాని ఒకరి భాష ఒకరికి రాదు. మన దేశంలో 2013 జూలైలో టెలిగ్రాం సేవ ఆగిపోయినప్పుడు బాధపడినవాణ్ణి కనుక, ఆ గోడల దగ్గర కొంచెంసేపు నిలబడ్డాను. ఒక లిపివాడు జబ్బుపడిన రోజున ఆ ఆఫీసు గతేమిటి అన్న ఆలోచన వచ్చింది.

ఆ మర్నాడే ఆ ప్రశ్న మా ముందుకు వచ్చింది. సరిహద్దు దాటి నల్లార్బర్ రోడ్‌హౌస్ చేరి, ట్రైలర్ అక్కడ విప్పి, దగ్గరలోనే ఉన్న హెడ్ ఆఫ్ బైట్‌కు వెళ్లాం. యలాటా ఆదివాసుల యాజమాన్యంలో నడిచే స్థలమది. మే నుంచి అక్టోబరు దాకా తిమింగలాలు అక్కడికి వచ్చి పిల్లల్ని కని పెంచుకుంటాయి. ఎత్తయిన కొండ అంచున నిలబడి చూస్తే, కింద నీళ్లలో తల్లి, పక్కనే పిల్ల. మా శ్రీమతి కదలనంటే కదలనంది.

ఆ రాత్రి ఒంటిగంటకు మా బావమరిది నడుము పట్టుకుని మెలికలు తిరిగిపోయాడు. చెమటలు, వాంతి. చెల్లెలు కంగారుపడలేదు. నోటు పుస్తకం తీసింది. అతనికున్న జబ్బులు, వాడే మందులు, పడని మందులు, ఇన్సూరెన్సు నంబరు, డాక్టరు ఫోను, అన్నీ ఒక పేజీలో ఉన్నాయి. రోడ్‌హౌస్‌వారి సాయంతో ఫోను చేసి, అవతల నర్సు అడిగిన ప్రతి ప్రశ్నకూ ఆ పేజీ చూసి జవాబు చెప్పింది. దగ్గరున్న మాత్రల్లో ఒకటి వేయమన్నారు. నొప్పి ఎక్కువైతే విమానం మాట చూద్దామని, తగ్గితే తెల్లవారాక సెడూనా ఆసుపత్రికి రమ్మని, అతను మాత్రం బండి నడపకూడదని చెప్పారు. నాలుగింటికి నొప్పి కొంత నెమ్మదించింది.

సెడూనా అక్కడికి సుమారు 300 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి విజయవాడకన్నా కొంచెం ఎక్కువ. నాకు స్కూటరు తప్ప రాదు. "ట్రైలర్ ఇక్కడే వదిలి వెళదామా అమ్మా?" అని అడిగాను. "మళ్లీ దీనికోసం 300 కిలోమీటర్లు ఎవరు వస్తారు అన్నయ్యగారూ? నేను లాగుతాను. మీరు పుస్తకం చదవండి, వదిన దీపాలు చూస్తుంది" అంది.

సూర్యోదయమయ్యాక నేను చదివాను. ఆమె ఒక్కొక్కటే తాకి చూసి జవాబు చెప్పింది. నా గొంతు వణికింది కాని ఆమె చెయ్యి వణకలేదు. వెనక సీట్లో తమ్ముడి తల ఒళ్లో పెట్టుకుని మా శ్రీమతి కూర్చుంది. బండి 90 దాటనివ్వలేదు. ఒకచోట ఎదురు లారీ గాలికి ట్రైలర్ రెండుసార్లు ఊగింది. నాకు గుండె ఆగినంత పనయింది. ఆమె మాత్రం కాలు మెల్లగా పైకి తీసి, చేత్తో ట్రైలర్ బ్రేకు కొద్దిగా వేసింది. ఊపు సర్దుకుంది. వెనక నుంచి మా బావమరిది, అంత నొప్పిలోనూ, "బాగా చేశావు" అన్నాడు. దారిలో ఒక్కచోట ఆగి, పదిన్నర ప్రాంతంలో సెడూనా చేరాం.

సెడూనా దగ్గర పండ్లు, కూరగాయలు తనిఖీ చేసే కేంద్రం ఉంది. పంటల చీడలు రాకుండా పడమర నుంచి వచ్చే బళ్లన్నీ ఆపుతారు. మా శ్రీమతి మిగిలిన కూరగాయలన్నీ ముందురోజే వండేసింది. పెర్త్ నుంచి ప్రాణంగా తెచ్చుకున్న కరివేపాకు పొట్లం తనే తీసి వాళ్ల డబ్బాలో వేసింది. ఆసుపత్రిలో పరీక్ష చేసి, కిడ్నీలో చిన్న రాయి అని, మందులిచ్చి, ఒక రాత్రి ఉంచుకుని పంపించారు. మూడు రోజులు విశ్రాంతి తీసుకుని అడిలైడ్ చేరాం. మేం విమానం ఎక్కాం. వాళ్లు అక్కడితో మానుకోలేదు. మెల్‌బోర్న్, సిడ్నీ, ఉత్తరాన డార్విన్ మీదుగా మొత్తం చుట్టి, 2024లో క్షేమంగా పెర్త్ చేరారు.

ఇప్పుడు మన సంఘం మాట. మన సహాయ కేంద్రంలో కూర్చునే సభ్యులందరికీ తెలిసిన దృశ్యమే. భర్త పోయిన సోదరి ఒక ప్లాస్టిక్ సంచి నిండా కాగితాలు తెచ్చి బల్ల మీద పోసి, "ఇందులో ఏది కావాలో మీరే చూడండి బాబూ" అంటుంది. పి.పి.ఓ. అంటే ఏమిటో ఆమెకు తెలియదు. ఏ బ్యాంకులో పెన్షను పడుతుందో తెలుసు కాని ఏ ఖాతాలోనో తెలియదు. ఆధార్‌లో పేరు ఒకలా, పెన్షను కాగితాల్లో ఇంకొకలా. దుఃఖంలో ఉన్న మనిషి ఆఫీసుల చుట్టూ తిరగాలి. అలాగే భార్యను పోగొట్టుకున్న సోదరులనూ చూస్తున్నాం. సర్వీసు రూల్సు కంఠతా వచ్చు, బియ్యంలో నీళ్లెన్ని పోయాలో తెలియదు. తనకు ఉదయం వేసుకునే మాత్ర ఏ రంగుదో కూడా ఆవిడకే తెలుసు. యూక్లా తంతి ఆఫీసుకూ ఈ ఇళ్లకూ తేడా ఏమిటి?

నేను ట్రైలర్ కొనమనడం లేదు. మన రోడ్లకూ, మన పెన్షన్లకూ అది కుదిరేది కాదు. ఆ నోటు పుస్తకం మాత్రం కొనమంటాను. 50 రూపాయలు కూడా కాదు. పి.పి.ఓ. నంబరు, పెన్షను ఖాతా, ఆరోగ్య కార్డు, ఇద్దరి జబ్బులు, మందులు, పడని మందులు, ఫోను చేయవలసిన మనుషులు, ఇంటి పన్ను, గ్యాసు బుకింగు, అన్నీ ఇద్దరూ కలిసి కూర్చుని రాయండి. పెన్షను కాగితాల్లో, ఆధార్‌లో, బ్యాంకులో భార్య పేరు ఒకేలా ఉందో లేదో ఈ వారంలోనే చూడండి, తేడా ఉంటే మనిద్దరం బ్రతికి ఉండగానే సరిచేయించండి. ఆ తరువాత పనులు మార్చుకోండి. రాసిపెట్టినంత మాత్రాన రాదు. మా చెల్లెలు ఖాళీ మైదానంలో డబ్బాలు పెట్టుకుని రెండు నెలలు నేర్చుకుంది కనుకనే, ఆ తెల్లవారుజామున ఆమె చెయ్యి వణకలేదు.

మా ఇంట్లో మొదలుపెట్టాం. "ఈ వయసులో నాకు బ్యాంకెందుకండీ?" అని మా శ్రీమతి మొదట గునిసింది. ఇప్పుడు పాసుపుస్తకం తనే వేయించుకువస్తుంది. నా లైఫ్ సర్టిఫికెట్ పని ఈ ఏడు మొత్తం ఆవిడే చూసింది. ముఖం చూపించడానికి మాత్రం నేను కూర్చోవలసివచ్చింది, అంతే. ప్రతిగా శనివారం వంట నాది. చారు కుదురుతోంది, కూర ఇంకా అప్రెంటిస్ దశలోనే ఉంది.

మన సహాయ కేంద్రం తరఫున అలాంటి పుస్తకానికి ఒక నమూనా పత్రం అచ్చువేసి సభ్యులందరికీ ఇవ్వాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను. అది నింపే రోజున సభ్యులు ఒంటరిగా కాక, దంపతులుగా రావాలన్న షరతు కూడా పెట్టమని మనవి.